ఏ నంబరు ఆంబోతు?

"ఏ ఆంబోతు సూది వేయించారండీ?" అని డాక్టరమ్మగారు అడిగినప్పుడు పాకలో నలుగురం ఉన్నాం. ఒక్కరికీ తెలీదు. ఆంబోతుని కట్టకుండా దాని వీర్యాన్ని ఎక్కించడాన్నే మేం సూది అంటాం. ఏ ఆంబోతుదో దాని నంబరుని బట్టే తెలుస్తుంది.

2021 నవంబరు. అల్పపీడనం పట్టి మూడు రోజులుగా ఒకటే ముసురు. మా జెర్సీ క్రాసు పెయ్య లక్ష్మికి తొలిచూలు. రాత్రి తొమ్మిదింటికి ఉమ్మనీరు పోయింది. ముందుకాళ్ళ గిట్టలు రెండూ, వాటి మీద ఆనించినట్టు మూతి కనబడ్డాయి. "సరిగ్గానే వస్తోందమ్మాయ్, కంగారుపడకు" అన్నారు మా మావయ్యగారు. తల వచ్చింది. అక్కడితో ఆగిపోయింది. భుజాలు రావు. దూడ నాలుక బయటికి వేలాడి నీలంగా తిరిగిపోతోంది. పక్కింటి బావగారూ వాళ్ళబ్బాయీ వచ్చి కాళ్ళకు తాడు కట్టి లాగారు. డాక్టరమ్మగారు కాలవగట్టు బురదలో బండి ఈడ్చుకుంటూ వచ్చేసరికి పన్నెండు దాటింది. దూడ చచ్చే పుట్టింది. కోడెదూడ. ఒంటినిండా నలుపు తెలుపు మచ్చలు. భుజాల మధ్య కొలిస్తే జానెడున్నర.

లక్ష్మి మళ్ళీ లేవలేదు. వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. కటి ఎముకల సందులో దూడ ఇరుక్కున్నంతసేపూ నరం నలిగిపోయిందన్నారు. గోనెసంచుల్లో గడ్డి కూరి పరుపులా పరిచి, పూటకి రెండుసార్లు పక్క మార్చాం. పదకొండో రోజున పోయింది.

సూది వేసిన కుర్రాణ్ణి తర్వాత అడిగితే "పెద్ద జాతేనండి, పాలు బాగా వస్తాయని వేశాను" అన్నాడు. హెచ్చెఫ్, అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అని దూడ మచ్చలు చూస్తేనే తెలిసిపోతోంది. ఏ నంబరో అతనికీ గుర్తులేదు. వీర్యం నింపి ఉండే సన్నటి గొట్టం, స్ట్రా అంటారు, వాడేశాక మా పెంటకుప్పలోనే ఎక్కడో కలిసిపోయింది. అతన్ని ఒక్క మాట కూడా అనలేదు నేను. పాలు పితికేది నేను, పేడ తీసేది నేను, పెయ్య ఎదకొచ్చిందని కనిపెట్టి కబురు పెట్టింది నేను. సూది వేసేటప్పుడు మాత్రం మగాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదా అని తలుపు చాటున నిలబడ్డాను. అడగాల్సిన మాట అప్పుడు అడగలేదు.

మాది కోనసీమలో వైనతేయ గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక ఊరు. ఎకరం కొబ్బరితోట, రెండెకరాల వరి. మా ఆయన కువైట్‌లో ఉంటారు. మా చుట్టుపక్కల పాడంటే గేదెలే. ముర్రా గేదె లేని ఇల్లు తక్కువ. మా అత్తగారి హయాంలో ఎప్పుడో ఒక జెర్సీ ఆవు వచ్చి, దాని సంతతి మాకు మిగిలిపోయింది. 2024 వచ్చేసరికి రెండు పెయ్యలు ఎదిగాయి, గౌరి, చుక్క. ఈసారి నంబరు తెలియకుండా సూది పడనివ్వనని గట్టిగా అనుకున్నాను.

ఫిబ్రవరి నెలాఖరులో గౌరి ఎదకొచ్చింది. తెల్లారగట్ట ఒకటే అరుపు, మేత ముట్టదు, చుక్క మీదకి ఎక్కుతోంది, తోక కింద కోడిగుడ్డు తెల్లసొనలా తీగ. మావయ్యగారు వెంటనే చొక్కా తొడుక్కుంటున్నారు. "ఈసారికి వదిలేద్దాం మావయ్యగారూ, 21 రోజుల్లో మళ్ళీ వస్తుంది కదా" అన్నాను. ఆయనకి నచ్చలేదు. వచ్చిన ఎద వదులుకోవడం పండిన చేను కోయకుండా వదలడం లాంటిదని ఆయన లెక్క. అయినా ఊరుకున్నారు.

ఆ మర్నాడు ఆస్పత్రికెళ్ళి డాక్టరమ్మగారిని కూర్చోబెట్టి మొత్తం అడిగాను. ఆవిడ ఆంబోతు సంగతి ఎత్తనే లేదు. "ముందు పెయ్య ఎంతుందో చెప్పండి" అన్నారు. ఎన్ని నెలలో చెప్పబోతే, నెలలు కాదు, కిలోలన్నారు. జెర్సీ క్రాసు పెయ్య 225 కిలోలైనా దాటాక సూది వేయించాలట. పదిహేను నెలలు నిండాయి కదా అని బక్కదానికి వేయిస్తే ఎంత చిన్న ఆంబోతైనా కష్టమే. పశువుని తూచే కాటా మాకెక్కడిది? కుట్టుమిషను టేపు చాలన్నారు. ముందుకాళ్ళ వెనకనుంచి ఛాతీ చుట్టూ అంగుళాల్లో కొలవాలి. దాన్ని దానితోనే హెచ్చించాలి. భుజం మొన నుంచి తోక పక్కన పొడుచుకొచ్చే ఎముక దాకా పొడవు కొలిచి దాంతో మళ్ళీ హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి.

ఇంటికొచ్చి కొలిచాను. గౌరి చుట్టు 57, పొడవు 47. లెక్క కడితే 231 కిలోలు. చుక్కకి 53, 45. అంటే 191 మాత్రమే. రెండింటికీ నెలన్నరే తేడా, ఒకే గాబులో కుడితి తాగుతాయి. చుక్క దవడ కింద కొంచెం మెత్తగా నీరు దిగినట్టుండటం నేను ముందే చూశాను కానీ పట్టించుకోలేదు. పేడ పరీక్ష చేయిస్తే కార్జపు జలగలని తేలింది. కాలవ గట్ల మీద, మురుగు బోదెల పక్కన మేసే పశువుకి ఇది మా డెల్టాలో మామూలే. నత్తల్లోంచి గడ్డి మీదకొచ్చి, గడ్డితోపాటు కడుపులోకి పోతాయి. జలగల మందు పట్టించి, గట్టు మేపు మాన్పించి, దాళ్వా (రెండో పంట వరి) వేయని చెక్కలో జల్లిన పిల్లిపెసర కోసి వేయడం మొదలెట్టాను. తవుడు, కొబ్బరి చెక్క, రోజూ ఖనిజ లవణ మిశ్రమం. చుక్క సంగతి తర్వాత చెప్తాను.

గౌరికి మాత్రం సంబంధాలు మొదలయ్యాయి. మూడొచ్చాయి.

మొదటిది మావయ్యగారు తెచ్చింది. పక్కూళ్ళో మా దూరపు బావగారి ఒంగోలు ఆంబోతు. చూడ్డానికి వెళ్ళాను కూడా. అబద్ధం ఎందుకు, కళ్ళు తిప్పుకోలేం. తెల్లటి ఒళ్ళు, మూపురం, గంగడోలు ఊపుకుంటూ వస్తుంటే దారి ఇవ్వాలనిపిస్తుంది. "బ్రెజిల్ వాళ్ళు మన జాతిని పట్టుకెళ్ళి నెలోర్ అని పేరెట్టి దేశం నింపుకున్నారు. మనకేమో ఇంట్లో ఉంటే చేదు" అన్నారు మావయ్యగారు. మాట నిజమే. కానీ డాక్టరమ్మగారు చెప్పింది వేరు. ఒంగోలులాంటి మూపురం జాతి ఆంబోతుని జెర్సీ రక్తమున్న ఆవుకి కడితే దూడ మామూలు కంటే బరువుగా పుడుతుంది, మోసే రోజులు కూడా కొన్ని పెరుగుతాయి. ఆంబోతు జెర్సీ, తల్లి ఒంగోలు అయితే ఆ బెడద లేదు. అప్పటిదాకా నాకు తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నది అటూ ఇటూ మారిస్తే తేడా ఉంటుందని తెలీదు. ఇంకోటి, ఊళ్ళన్నీ తిరిగి కట్టే ఆంబోతు ఒక పాకలోని జబ్బుని ఇంకో పాకకి మోస్తుంది. బ్రూసెల్లా అనే అంటుజబ్బు వస్తే ఏడో నెలలో ఎనిమిదో నెలలో చూడి ఈసుకుపోవడమే. మా పెయ్యలు రెండింటికీ దూడలప్పుడే ఆ టీకా వేయించాం. నాలుగు నెలలకీ ఎనిమిది నెలలకీ మధ్య ఒక్కసారే వేసేది. అయినా కావాలని ఎదురెళ్ళడం ఎందుకు?

రెండోది పుంగనూరు. ఆ సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక మా వైపు దానికి పిచ్చి ఇంకా ముదిరింది. మూడడుగుల ఆంబోతుని ఆటోలో ఎక్కించుకుని తిప్పే ఆయన ఒకాయన మా ఇంటికే వచ్చాడు. "దూడ కుక్కపిల్లంత పుడుతుందమ్మా, ఈనడానికి నొప్పే ఉండదు, దూడని లక్షలకి అమ్ముకోవచ్చు" అన్నాడు. కాసేపు మనసు లాగింది. నిజంగానే దూడ చిన్నదే పుడుతుంది. కానీ జెర్సీ క్రాసుకీ పుంగనూరుకీ పుట్టింది పుంగనూరు ఎలా అవుతుంది? అటు పొట్టి జాతీ కాదు, ఇటు పాలూ ఉండవు. పెయ్యదూడ పుడితే ఎవరికి అంటగట్టాలి? ఆయనకి మజ్జిగిచ్చి పంపించాను.

మూడోది కువైట్ నుంచి ఫోన్లో వచ్చింది. మా ఆయనకి వాళ్ళ గదిలో హర్యానా కుర్రాడెవరో వీడియోలు చూపిస్తాడు. "హెచ్చెఫ్ వేయించవే, రోజుకి ఇరవై లీటర్లు." నేను లక్ష్మి పేరెత్తాను. అటు కాసేపు మాట లేదు. "సరే, నీ ఇష్టం" అన్నారు. హెచ్చెఫ్ దూడ 40 కిలోల దాకా పుడుతుంది. జెర్సీ దూడ 25 అటూ ఇటూ. మా ఉక్కపోతకి కూడా జెర్సీయే కాస్త తట్టుకుంటుంది. వెన్న శాతం చూసి డబ్బులిచ్చే పాలకేంద్రంలో జెర్సీ పాలకి నష్టమేమీ లేదు.

అలా జెర్సీ అని తేలింది. అయితే జెర్సీ అనగానే అయిపోలేదు. "జెర్సీలోనూ పెద్ద తలకాయలవీ, వెడల్పు భుజాలవీ ఉంటాయి. ఏ నంబరన్నదే అసలు సంగతి" అన్నారు డాక్టరమ్మగారు. ఆస్పత్రిలో ఆంబోతుల జాబితా ఉంటుంది. ఆంబోతు తల్లి ఎన్ని లీటర్లిచ్చింది, వెన్న ఎంత, అన్నీ రాసి ఉంటాయి. నేను తిరగేసి తిరగేసి చూశాను. దాని దూడలు తేలిగ్గా పుడతాయా లేదా అన్న గడి మాత్రం అందులో లేదు. నాకు కావలసింది అదొక్కటే!

ఇప్పుడు మా ఊరికి వచ్చే సూది కుర్రాడు వేరే అతను. నెమ్మదైనవాడు, నన్ను అక్కా అంటాడు. స్ట్రాలు చల్లగా దాచే అతని కేన్‌లో రెండు జెర్సీ నంబర్లున్నాయి. ఒకదాని చివర 47. "ఇది నేను రెండేళ్ళ బట్టి వేస్తున్నానక్కా" అన్నాడు. ఎవరెవరికి వేశావో రాసుకున్నావా అంటే నోటు పుస్తకం తీశాడు. ఆ పేజీలు ఫోన్లో ఫొటో తీసుకుని, మర్నాటి నుంచి పాలు పోసొచ్చాక ఇంటింటికీ తిరిగాను.

ఎనిమిది ఇళ్ళు. జనం వింతగా చూశారు. ఒక ముసలావిడ "పెళ్ళికొడుకు గురించి కూడా ఇంత ఆరా తియ్యరే తల్లీ" అంది. నేను అడిగినవి రెండే. తనంతట తనే ఈనిందా, మీరు లాగారా? దూడ పుట్టినప్పుడు ఎంతుంది? మొదటిదానికి అందరూ టక్కున చెప్పారు. ఈనిన రాత్రి ఎవరికీ మర్చిపోవడం ఉండదు. రెండోదానికి చేతులు చాపి చూపించారు, ఒకరు ఇంత, ఒకరు అంత. ఒక్క ఇంట్లో మాత్రం కొబ్బరి వ్యాపారం. కురిడీలు తూచే కాటా పాక పక్కనే ఉంటే సరదాకి దూడని తూచారట. 22 కిలోలు. ఎనిమిదిలో మూడు తొలిచూలువి. ఏడు తమంతట తామే ఈనాయి. ఒకదానికి మాత్రం డాక్టరుని పిలిచారు. దూడ ముందుకాలు ఒకటి వెనక్కి మడత పడింది. ఆ మాట డాక్టరమ్మగారికి చెప్తే, కాలు మడత పడటం దూడ సైజు వల్ల కాదు, ఆ తప్పు ఆంబోతు మీద వెయ్యొద్దన్నారు. చివరి ఇంట్లో ఆ నంబరు కూతురు ఏడాదిది కట్టేసి ఉంటే చాలాసేపు చూశాను. సన్నటి మొహం, కోసుగా ఉన్న భుజాలు. 47 ఖాయం చేసుకున్నాను.

ఇంత చేసి, మార్చి 19న గౌరి ఎదకొచ్చినప్పుడు నేనే మాట తప్పాను. కుర్రాడు కేన్ మూత తీస్తూ "పెయ్యదూడ పుట్టే సూది వచ్చిందక్కా, నూటికి తొంభై పెయ్యలే" అన్నాడు. అది వేరే జెర్సీ ఆంబోతుది. పెయ్యదూడ కోడె కంటే కిలో రెండు కిలోలు తక్కువ పుడుతుంది, తొలిచూలుకి అదీ మంచిదే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆశ. ట్రాక్టర్లొచ్చాక కోడెదూడని ఎవడు కొంటాడు? వేయించాను. నిలవలేదు. ఆ రకం స్ట్రాలో జీవకణాలు తక్కువ ఉంటాయి కాబట్టి మామూలు సూది అంత గట్టిగా నిలవదని తర్వాత తెలిసింది.

సరిగ్గా 21 రోజులకి తిరగపొర్లింది. ఏప్రిల్ 9, ఉగాది. తెల్లారి ఐదింటికి అరుపు మొదలెట్టింది. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయించాలని లెక్క. పండగ పూట, పైగా దాళ్వా కోతలు. అతను రాడేమోననుకున్నాను. ఐదున్నరకి వచ్చాడు. ఉగాది పచ్చడి పెట్టాను. కేన్ మూత తీస్తే తెల్లటి పొగ పాక నేలంతా పరుచుకుంది. లోపల మైనస్ 196 డిగ్రీల నత్రజని. చిమటాతో చీపురుపుల్లంత స్ట్రా పైకి తీశాడు. "ఆగు తమ్ముడూ" అని ఫోన్ లైటు వేసి దాని మీద అక్షరాలు చదివాను. జాతి, నంబరు, తయారైన తేదీ. చివర 47. అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో అరనిమిషం ఉంచి, తుడిచి, గన్‌లో పెట్టాడు. అయ్యాక ఖాళీ స్ట్రా పారేయబోతే చెయ్యి చాపాను. కడిగి అగ్గిపెట్టెలో పెట్టి, అగ్గిపెట్టె మీద తేదీ రాసి గూట్లో పెట్టాను.

21 రోజులకి ఎద లేదు. మూడో నెలలో డాక్టరమ్మగారు చెయ్యి పెట్టి చూసి చూడి కట్టిందన్నారు.

చుక్క జూలైకి 226 కిలోలకొచ్చింది. దానికీ 47 వేయిద్దామని ధీమాగా ఉన్నాను. కుర్రాడు దాని చెవి పోగు మీది 12 అంకెలు ఫోన్లో కొట్టి, కాసేపు చూసి, "అక్కా, దీని తండ్రే 47" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. నేను ఎనిమిది ఇళ్ళు తిరిగాను గానీ తొమ్మిదో ఇల్లు మాదే అనుకోలేదు! చుక్క తల్లికి ఆ రోజు సూది వేయించింది మావయ్యగారు, నేను పుట్టింట్లో ఉన్నాను. తండ్రి సూది కూతురికే వేయించేదాన్ని. చెవి పోగుని అప్పటిదాకా బ్యాంకు లోను కోసమనే అనుకునేదాన్ని. రెండో నంబరు, చివర 12, దూడలు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. డాక్టరమ్మగారు అంతకుముందు పనిచేసిన మండలంలో అది వేశారట, తొలిచూలువి బాగానే ఈనాయన్నారు. ఆ మాట మీద వేయించాను.

చూడి నెలల్లో నాకూ మావయ్యగారికీ గొడవల్లా మేత దగ్గరే. కడుపుతో ఉన్నదని ఆయన తవుడు దోసెడు ఎక్కువ వేసేవారు. తొలిచూలుది కొవ్వు పడితే దారి ఇరుకవుతుందని డాక్టరమ్మగారు చెప్పింది ఆయన చెవికెక్కేది కాదు. చివరికి తవుడు డబ్బా నా గదిలో పెట్టుకున్నాను.

భోగి నాటి తెల్లవారుజాము, నాలుగు కావొస్తోంది. ఊళ్ళో మగాళ్ళంతా భోగిమంటల దగ్గరో, కోళ్ళకి స్నానాలు పోయిస్తూనో ఉన్నారు. లక్ష్మి రోజు వచ్చినవాళ్ళెవరూ చుట్టుపక్కల లేరు. గౌరి పడుకుని లేచి, లేచి పడుకుని, ఉమ్మనీరు పోసేసింది. గిట్టలు కనబడ్డాయి. గిట్టలు కనబడ్డాక గంట దాటినా కదలిక లేకపోతేనే ఫోన్ చెయ్యమన్నారు, ఈలోపు లాగొద్దన్నారు. సెల్లు పక్కన పెట్టుకుని టైము చూస్తూ గడ్డి మీద కూర్చున్నాను. మావయ్యగారు తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "తాడు కింద పెట్టండి మావయ్యగారూ" అన్నాను. పెట్టలేదు. మూతి వచ్చింది. నాలుక ఎర్రగానే ఉంది. నుదురు వచ్చింది. అక్కడ ఒక్క నిమిషం ఆగింది. నేను ఊపిరి పీల్చలేదు. గౌరి ఒక్కసారి బిగబట్టి మూలిగింది. భుజాలు, ఒకటి ముందు, ఒకటి వెనక, ఏటవాలుగా జారాయి. మిగతాదంతా నీళ్ళలా వచ్చి పడింది. మొదటి గిట్ట కనబడ్డప్పట్నుంచి ముప్పై ఐదు నిమిషాలు.

ముక్కులో జిగురు తీసి, బొడ్డుకి అయోడిన్ రాసి, అరగంటలో ముర్రుపాలు తాగించాను. మాయ ఎనిమిదింటికి పడిపోయింది. తెల్లారాక కొబ్బరి కాటా అడిగి తెచ్చి తూచాం. 23 కిలోలు. పెయ్యదూడ. ఆశపడ్డ సూదికి రాలేదు గానీ మామూలు సూదికే వచ్చింది.

చుక్క ఏప్రిల్లో ఈనింది. కోడెదూడ, 27 కిలోలు. కొంచెం చేత్తో పట్టు ఇవ్వాల్సొచ్చింది, తాడు దాకా పోలేదు. అగ్గిపెట్టెలో ఇప్పుడు మూడు స్ట్రాలున్నాయి. నిలవని ఉగాది ముందరిది కూడా. అది వేసిన రోజు నేను స్ట్రా అడిగి తీసుకోలేదు, గచ్చు మీద పడుంటే తర్వాత ఏరాను.

"రెండో ఈతకి దారి పడింది కదా. ఈసారి నా మాట వినాలి, ఒంగోలే" అంటున్నారు మావయ్యగారు. డాక్టరమ్మగారు కూడా రెండో ఈత నుంచి అంత భయం లేదన్నారు. చూద్దాం మావయ్యగారూ అన్నాను. ముందు ఆ బావగారి ఆంబోతు దూడలు ఎన్ని కిలోలు పుడుతున్నాయో, కాటా పట్టుకుని ఒకసారి వెళ్ళి రావాలి.